ఉపగ్రహ చిత్రాల ద్వారా కార్చిచ్చు పొగ, ధూళి పరిశీలన

ఉపగ్రహ పొగ-ధూళి పరిశీలన అనగా అడవులు, పొలాలు తగలబడినపుడు లేచే పొగను, ఎడారుల నుండీ ఎండిన నేలల నుండీ గాలి లేపుకుపోయే ధూళిని కృత్రిమ ఉపగ్రహాలు పంపే చిత్రాల ద్వారా గుర్తించి, అవి ఎక్కడ పుట్టాయో, ఎటు పయనిస్తున్నాయో, ఎంత సాంద్రంగా ఉన్నాయో తెలుసుకొనడం. ఇది వాతావరణ శాస్త్రంలోనూ సుదూర గ్రాహక శాస్త్రంలోనూ (రిమోట్ సెన్సింగ్) ఒక భాగం. వాయు నాణ్యత హెచ్చరికలు, విమానయానం, అడవి మంటల నివారణ, వాతావరణ మార్పుల అధ్యయనం దీనిమీద ఆధారపడి ఉన్నాయి.

ఉపగ్రహం చూసేది నేల నుండి ఆకాశం అంచు వరకు ఉన్న గాలి స్తంభం మొత్తాన్ని. మనిషి పీల్చేది ఆ స్తంభం అడుగున ఉన్న రెండు మీటర్ల గాలిని. ఈ రంగంలోని పరికరాలు, పద్ధతులు చాలావరకు ఈ తేడాను పూడ్చే ప్రయత్నంలో పుట్టినవే.

ఉపగ్రహాలకు ముందు

1832 జనవరిలో బీగిల్ ఓడ కేప్ వెర్డి దీవులకు చేరినపుడు చార్లెస్ డార్విన్ ఓడ మీద పడిన సన్నని గోధుమరంగు దుమ్మును సేకరించాడు. అట్లాంటిక్ మహాసముద్రంలో ఓడల మీద పడే ఇటువంటి ధూళి ఆఫ్రికా నుండి వస్తున్నదని 1846లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఓడల దినచర్య పుస్తకాలు, తీరవాసుల మాటలు తప్ప ఆనాడు వేరే ఆధారం లేదు.

పొగ విషయంలో 1950 నాటి సంఘటన ప్రసిద్ధమైనది. ఆ వేసవిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, ఆల్బెర్టా రాష్ట్రాల ఉత్తర భాగంలో చించాగా కార్చిచ్చు 14 లక్షల హెక్టార్లకు పైగా అడవిని దహించింది. సెప్టెంబరు 24న దాని పొగ అమెరికా తూర్పు ప్రాంతాలను కమ్మి పట్టపగలే చీకటి చేసింది. రెండు రోజుల తరువాత స్కాట్లాండులో జనం నీలిరంగు సూర్యుణ్ణి చూశారు. పొగలోని రేణువులు దాదాపు ఒకే పరిమాణంలో ఉండి ఎరుపు కాంతిని ఎక్కువగా చెదరగొట్టినందువలన అలా జరిగింది. నెత్తిమీద ఉన్నది వేల కిలోమీటర్ల దూరాన కాలిన అడవి పొగ అని అక్కడివారికి వెంటనే తెలిసే మార్గం లేదు.

మొదటి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1ను అమెరికా 1960 ఏప్రిల్ 1న ప్రయోగించింది. అది పంపినవి మసక మసకగా ఉన్న నలుపు-తెలుపు మేఘాల చిత్రాలు. 1970వ దశకానికి సహారా ధూళి అట్లాంటిక్ దాటడాన్ని ఉపగ్రహ చిత్రాలలో గుర్తించగలిగారు.

రెండు రకాల కక్ష్యలు

ఈ పనికి వాడే ఉపగ్రహాలు ముఖ్యంగా రెండు రకాలు.

భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సుమారు 36,000 కి.మీ. ఎత్తున, భూమితో సమానమైన వేగంతో తిరుగుతూ ఎల్లప్పుడూ ఒకే ప్రాంతాన్ని చూస్తుంటాయి. జపాను వారి హిమవారి-8 (2014లో ప్రయోగం), దాని స్థానంలో 2022 డిసెంబరు నుండి పనిచేస్తున్న హిమవారి-9 పది నిమిషాలకు ఒకసారి తమకు కనిపించే అర్ధగోళం మొత్తాన్ని చిత్రిస్తాయి. అమెరికా వారి గోస్, ఐరోపా వారి మెటియోశాట్, దక్షిణ కొరియా వారి జియో-కాంప్‌శాట్, భారతదేశపు ఇన్శాట్-3డి శ్రేణి ఈ కోవలోనివే. ఈ చిత్రాలను వరుసగా పేర్చి చలనచిత్రంలా చూస్తే పొగ కదలిక ఇట్టే పట్టుబడుతుంది. కదలని మరకకు, కదిలే పొగకు తేడా తెలియడంలో ఈ చలనచిత్రాలకు మించిన సాధనం లేదు.

ధ్రువ కక్ష్యలోని ఉపగ్రహాలు 700–800 కి.మీ. ఎత్తున తిరుగుతూ ఒక్కొక్క ప్రాంతాన్ని దాదాపు ఒకే స్థానిక వేళకు దాటిపోతాయి. దగ్గర నుండి చూస్తాయి కనుక వివరం ఎక్కువ. 1999లో ప్రయోగించిన టెర్రా, 2002లో ప్రయోగించిన ఆక్వా ఉపగ్రహాలలోని మోడిస్ అనే పరికరం 36 తరంగదైర్ఘ్యాల పట్టీలలో, 2,330 కి.మీ. వెడల్పున భూమిని చిత్రించింది. టెర్రా ఉదయం పదిన్నరకు, ఆక్వా మధ్యాహ్నం ఒకటిన్నరకు దాటేవి. ఇంధనం పొదుపు కోసం కక్ష్య సవరణలు ఆపివేసిన తరువాత ఈ వేళలు క్రమంగా జరిగిపోయాయి. మోడిస్‌కు వారసురాలైన వీర్స్ అనే పరికరం సువోమి ఎన్‌పీపీ (2011), నోవా-20 (2017), నోవా-21 (2022) ఉపగ్రహాలలో ఉన్నది. ఇది 375 మీటర్ల వివరంతో మంటలను గుర్తిస్తుంది.

పొగను గుర్తించడం

పొగ రేణువులు చాలావరకు ఒక మైక్రాను కంటే చిన్నవి. ఇవి నీలి కాంతిని ఎక్కువగా, ఎరుపు కాంతిని తక్కువగా చెదరగొడతాయి. అందుచేత సహజ వర్ణ చిత్రాలలో, నల్లగా కనిపించే అడవి లేదా సముద్రం మీద పొగ నీలం కలిసిన బూడిదరంగు తెరలాగా కనిపిస్తుంది. మేఘానికి స్పష్టమైన అంచులు, గుబురులు ఉంటాయి. పొగ మాత్రం మంట దగ్గర సన్నని మొనతో మొదలై గాలివాటున విసనకర్రలా విచ్చుకుంటుంది.

సూర్యుడి స్థానం కూడా ముఖ్యమే. చిన్న రేణువులు కాంతిని వెనుకకు కంటే ముందుకు ఎక్కువగా చెదరగొడతాయి. కనుక ఉదయం, సాయంత్రం సూర్యుడు వాలి ఉన్నపుడు భూస్థిర ఉపగ్రహ చిత్రాలలో పొగ మెరుస్తూ కనిపిస్తుంది. నడి మధ్యాహ్నం అదే పొగ పలచబడినట్లు అగుపిస్తుంది. నిజానికి పొగ తగ్గలేదు, వెలుగు పడే కోణం మారిందంతే. కొత్తగా ఈ చిత్రాలు చూసేవారు తరచు పొరపడేది ఇక్కడనే.

2 మైక్రాన్ల పైబడిన తరంగదైర్ఘ్యాలకు పొగ దాదాపు పారదర్శకం. దీనివలన ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. లాభం: దట్టమైన పొగ కింద ఉన్న మంట అంచును, కాలిన నేలను చూడవచ్చు. నష్టం: రాత్రి పూట వాడే ఉష్ణ పరారుణ చిత్రాలలో పొగ కనిపించదు. వెన్నెల రాత్రులలో వీర్స్ పరికరంలోని పగలు-రాత్రి పట్టీ చంద్రకాంతితో కొంత పొగను పట్టగలదు. అమావాస్య నాడు ఆ ఆశ కూడా లేదు.

గాలిలో రేణువులు ఎంత ఉన్నవో చెప్పడానికి వాడే కొలత ఏరోసోల్ కాంతి సాంద్రత. ఇది 0.1 దగ్గర ఉంటే ఆకాశం నిర్మలమైనది. 1 ఉంటే నడినెత్తి సూర్యుడి నుండి నేరుగా వచ్చే కాంతిలో సుమారు 37 శాతం మాత్రమే నేలను చేరుతుంది. 3 ఉంటే 5 శాతమే. ఉపగ్రహం లెక్కగట్టిన ఈ విలువను నేలమీది సూర్యకాంతి మాపకాలతో సరిచూస్తారు. ఏరోనెట్ అనే అంతర్జాతీయ వ్యవస్థకు చెందిన అటువంటి మాపకం 2001 నుండి కాన్పూరులో ఉన్నది.

మంటను గుర్తించడం

పొగకు మూలమైన మంట ఎక్కడున్నదో 4 మైక్రాన్ల పరారుణ కిరణాలు చెబుతాయి. సుమారు 300 కెల్విన్ల వేడి గల మామూలు నేలతో పోలిస్తే 1,000 కెల్విన్ల మంట ఈ తరంగదైర్ఘ్యంలో కొన్ని వేల రెట్లు ఎక్కువ కాంతిని వెదజల్లుతుంది. అందుచేత ఒక చదరపు కిలోమీటరు గల చుక్కలో 1,000 చదరపు మీటర్లు మాత్రమే మండుతున్నా ఆ చుక్క పక్కవాటి కంటే ప్రకాశవంతమవుతుంది. 11 మైక్రాన్ల విలువతో పోల్చి చూస్తే అది ఎండకు కాగిన నేలా, నిజమైన మంటా అన్నది చాలావరకు తేలుతుంది. వెలువడే శక్తిని బట్టి ఎంత కట్టె కాలుతున్నదో, దానినుండి ఎంత పొగ వస్తుందో అంచనా వేసి వాతావరణ నమూనాలకు అందిస్తారు. నాసా వారి ఫర్మ్స్ వ్యవస్థ ఈ మంటల సమాచారాన్ని ఉపగ్రహం దాటిన మూడు గంటలలోపు ప్రపంచమంతటికీ ఉచితంగా ఇస్తున్నది.

యంత్రం ఒక్కటే చాలదు. ఉక్కు కర్మాగారాలు, సౌర ఫలకాల మీద తళుక్కుమనే ఎండ కూడా మంటలుగా నమోదవుతుంటాయి. అమెరికా జాతీయ సాగర, వాతావరణ సంస్థ 2002లో మొదలుపెట్టిన ప్రమాద చిత్రణ వ్యవస్థలో విశ్లేషకులు ప్రతిదినం చిత్రాలను స్వయంగా చూసి, తప్పుడు మంటలను కొట్టివేసి, పొగ హద్దులను చేతితో గీస్తారు. పొగను పలచన, మధ్యమం, దట్టం అని మూడు తరగతులుగా విభజిస్తారు. ఇంత యంత్ర పరిజ్ఞానం వచ్చిన తరువాత కూడా మనిషి కంటి అవసరం తీరలేదనడానికి ఇదొక నిదర్శనం.

ధూళిని గుర్తించడం

ధూళి సముద్రం మీద ఉన్నపుడు లేత గోధుమరంగు తెరలా తేలికగా కనిపిస్తుంది. ఎడారి మీద ఉన్నపుడు మాత్రం నేలదీ ధూళిదీ ఒకటే రంగు. ఇసుక తుఫాను పుట్టే చోటనే సహజ వర్ణ చిత్రం చేతులెత్తేస్తుంది.

ఇక్కడ పరారుణ కిరణాలు ఆదుకుంటాయి. ధూళిలోని సిలికా ఖనిజాలు 10.8 మైక్రాన్ల కిరణాలను 12 మైక్రాన్ల కిరణాల కంటే ఎక్కువగా పీల్చుకుంటాయి. పలచని మంచు మేఘాలు సరిగ్గా దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తాయి. ఈ రెండు పట్టీల వ్యత్యాసం ధనాత్మకమా, ఋణాత్మకమా అన్నదానిని బట్టి ధూళిని, మేఘాన్ని విడదీయవచ్చు. ఈ వ్యత్యాసాన్ని, 8.7 మైక్రాన్ల పట్టీని కలిపి ఐరోపా వాతావరణ ఉపగ్రహ సంస్థ రూపొందించిన ధూళి వర్ణచిత్రంలో ధూళి ముదురు గులాబీ రంగులో కనిపిస్తుంది. ఇది కృత్రిమంగా కేటాయించిన రంగు. ఆకాశం ఆ రంగులో ఉండదు. పత్రికలలో ఇటువంటి చిత్రాన్ని వివరణ లేకుండా వేసి పాఠకులను కంగారు పెట్టడం కద్దు. ఈ పద్ధతి రాత్రి పూట కూడా పనిచేయడం దీని గొప్ప. కానీ గాలిలో తేమ ఎక్కువైనా, ధూళి నేలకు బాగా దగ్గరగా ఉన్నా సంకేతం బలహీనపడుతుంది.

మరొక మార్గం అతినీలలోహిత కిరణాలది. నిర్మలమైన గాలి ఈ కిరణాలను బాగా చెదరగొట్టి ఆకాశానికి తిప్పి పంపుతుంది. మధ్యలో పొగ గాని ధూళి గాని ఉంటే అవి కొంత పీల్చుకొంటాయి. ఆ లోటును కొలిచి శోషక ఏరోసోల్ సూచికను కడతారు. 1978లో నింబస్-7 ఉపగ్రహంలో ఓజోను కొలవడానికి పంపిన టామ్స్ అనే పరికరం నుండి ఈ సూచిక వెలువడడం విశేషం. తెల్లని మేఘాల పైన ఉన్న పొగను, ఎడారి మీది ధూళిని కూడా ఇది చూపగలదు. 2017లో ప్రయోగించిన సెంటినెల్-5పి ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం ఈ సూచికతో పాటు కార్బన్ మోనాక్సైడును కూడా కొలుస్తున్నది. ఆ వాయువు గాలిలో కొన్ని వారాలపాటు నిలిచి ఉంటుంది కనుక, రేణువులు రాలిపోయిన తరువాత కూడా పొగ వెళ్ళిన జాడ తెలుస్తుంది.

ఎత్తు సమస్య

పైనుండి తీసిన చిత్రంలో పొగ నేలమీద పాకుతున్నదా, పది కిలోమీటర్ల పైన తేలుతున్నదా తెలియదు. దీనికి సరైన సమాధానం లైడార్. ఇది లేసర్ కాంతిని కిందికి పంపి, తిరిగి వచ్చే కాలాన్ని బట్టి ఏ ఎత్తున ఎంత రేణుసంపద ఉన్నదో కొలుస్తుంది. అమెరికా, ఫ్రాన్సు దేశాల కాలిప్సో ఉపగ్రహం 2006 నుండి 2023 వరకు ఈ పని చేసింది. ఐరోపా, జపాను సంస్థలు కలిసి 2024 మేలో ప్రయోగించిన ఎర్త్‌కేర్‌లో కూడా లైడార్ ఉన్నది. అయితే లైడార్ చూసేది సన్నని గీతను మాత్రమే. పొగ ఆ గీత కింద పడకపోతే సమాచారం లేనట్లే. టెర్రాలోని మిసర్ పరికరం తొమ్మిది కోణాలలో తీసిన చిత్రాలను పోల్చి, రెండు కళ్ళతో దూరాన్ని అంచనా వేసినట్లు, పొగ ఎత్తును లెక్కగడుతుంది.

2023 జూన్ నెలలో ఎత్తు ఎంత తేడా చేస్తుందో ప్రపంచం చూసింది. ఆ సంవత్సరం కెనడాలో కోటిన్నర హెక్టార్ల వరకు అడవి కాలిపోయింది. క్విబెక్ రాష్ట్రంలోని మంటల పొగను తూర్పు తీరం దగ్గరి అల్పపీడనం చుట్టూ తిరిగే గాలులు దక్షిణానికి తోసి నేలకు దించాయి. జూన్ 7న న్యూయార్కు నగరం నారింజరంగు చీకటిలో మునిగింది. వాయు నాణ్యతా సూచిక 400 దాటింది. విమానాల రాకపోకలకు అంతరాయం కలిగింది. తెలుగు కుటుంబాలు అధికంగా నివసించే న్యూజెర్సీలోనూ ఇదే పరిస్థితి. అదే నెల చివరి వారంలో కెనడా పొగే అట్లాంటిక్ దాటి పోర్చుగల్, స్పెయిన్ దేశాలను చేరింది. ఉపగ్రహ చిత్రాలలో అదీ దట్టమైన తెరలాగానే కనిపించింది. కాని అక్కడ అది ఎక్కువ ఎత్తున ఉన్నందున సూర్యాస్తమయాలు ఎర్రబడ్డాయే తప్ప నేలమీది గాలి పెద్దగా చెడలేదు. ఒకే పొగ, చిత్రంలో ఒకే తీరు. ఒకచోట ఇల్లు కదలవద్దని హెచ్చరిక, మరొకచోట ఆకాశంలో వింత. ఈ కారణంగానే పొగ పటాన్ని నేలమీది కొలతలతో కలిపి చూడకుండా ఆరోగ్య హెచ్చరికలు ఇవ్వరు. 1950తో పోలిస్తే మార్పు కూడా గమనించదగ్గది. ఈసారి పొగ ఎక్కడినుండి వచ్చిందో, ఎప్పుడు వస్తుందో ముందే తెలిసింది.

ఆస్ట్రేలియాలో 2019–20 వేసవి మంటలు ఎత్తు విషయంలో మరొక కొత్త సంగతిని బయటపెట్టాయి. 2019 డిసెంబరు చివర, 2020 జనవరి మొదట అక్కడి మంటల వేడికి ఉరుము మేఘాల వంటి అగ్నిమేఘాలు ఏర్పడి పొగను స్ట్రాటోస్ఫియరు వరకు ఎత్తాయి. ఆ పొగలోని నల్లని కర్బనం ఎండకు వేడెక్కి తనను తానే పైకి లేపుకొన్నది. సుమారు 1,000 కి.మీ. వెడల్పు గల ఒక పొగ సుడి 35 కి.మీ. ఎత్తు వరకు లేచి, దాదాపు మూడు నెలలు చెదరకుండా తిరిగినట్లు కాలిప్సో తదితర ఉపగ్రహాలు నమోదు చేశాయి. కింది పొరలలోని పొగ 2020 కొత్త సంవత్సరం మొదటి రోజుననే న్యూజిలాండును చేరి అక్కడి హిమానీనదాలను గోధుమరంగుకు మార్చింది.

ధూళి పయనాలు

ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ ధూళిని లేపేది సహారా. చాద్ దేశంలోని బొడేలే పల్లం, అంటే ఒకనాటి మహా సరస్సు ఎండిన అడుగు, దానిలో ముఖ్యమైన స్థానం. 2007–2013 మధ్య కాలిప్సో కొలతలను బట్టి ఏటా సగటున 18.2 కోట్ల టన్నుల ధూళి ఆఫ్రికా పడమటి అంచును దాటుతుందని, అందులో 2.77 కోట్ల టన్నులు అమెజాన్ పరీవాహక ప్రాంతంలో పడుతుందని 2015లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దానితో చేరే భాస్వరం సుమారు 22,000 టన్నులు. వానలకు అమెజాన్ నేల కోల్పోయే భాస్వరం కూడా దాదాపు అంతే. ఒక ఖండపు ఎడారి మరొక ఖండపు అడవికి ఎరువు వేస్తున్నదన్న మాట.

2020 జూన్‌లో అసాధారణంగా దట్టమైన సహారా ధూళి కరేబియన్ దీవులను కమ్మి, అమెరికా దక్షిణ తీరాన్ని చేరింది. 2021 మార్చి 15న మంగోలియా నుండి వచ్చిన ధూళి తుఫాను బీజింగు ఆకాశాన్ని పసుపురంగుకు మార్చింది. మంగోలియాలో ప్రాణనష్టం కూడా జరిగింది.

భారతదేశంలో

వేసవిలో థార్ ఎడారి నుండి, పశ్చిమాసియా నుండి ధూళి ఉత్తర భారతదేశానికి వస్తుంది. 2018 జూన్‌లో ఢిల్లీ కొన్ని రోజులపాటు ధూళి కింద ఉండిపోయింది. 2022 జనవరి 23న పాకిస్తాన్ వైపు నుండి అరేబియా సముద్రం మీదుగా వచ్చిన ధూళి ముంబైని కప్పింది. సముద్రం మీద ఉండగా దానిని ఉపగ్రహ చిత్రాలలో స్పష్టంగా చూడగలిగారు.

భారత ఉపగ్రహాలలో ఇన్శాట్-3డి (2013), ఇన్శాట్-3డిఆర్ (2016), ఇన్శాట్-3డిఎస్ (2024) ఆరు పట్టీలలో సుమారు అరగంటకొక చిత్రం ఇచ్చేలా రూపొందాయి. వీటిలో మంటకు పనికివచ్చే 3.9 మైక్రాన్ల పట్టీ, ధూళికి పనికివచ్చే 10.8, 12 మైక్రాన్ల పట్టీలు రెండూ ఉన్నాయి. చివరి రెండు ఉపగ్రహాలను శ్రీహరికోట నుండి ప్రయోగించారు. భూస్థిర కక్ష్య నుండే ఎక్కువ వివరంతో చిత్రాలు తీయడానికి ఉద్దేశించిన ఈఓఎస్-03 ఉపగ్రహం 2021 ఆగస్టు 12న శ్రీహరికోట ప్రయోగంలో క్రయోజెనిక్ దశ విఫలమై నష్టమైంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం షాద్‌నగర్ వద్ద ఉపగ్రహ సమాచారాన్ని స్వీకరిస్తుంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి ఉపగ్రహాలు గుర్తించిన మంటల వివరాలను రాష్ట్రాల అటవీ శాఖలకు అందిస్తున్నది. ఫిబ్రవరి నుండి మే వరకు ఆకులు రాలి ఎండిపోయే నల్లమల వంటి అడవులలో ఈ హెచ్చరికలు అవసరమవుతాయి.

వరి కొయ్యకాళ్ళ మంటలు

పంజాబు, హర్యానా రాష్ట్రాలలో వరి కోసిన తరువాత మిగిలే కొయ్యకాళ్ళను అక్టోబరు-నవంబరులలో తగులబెట్టడం ఇది కార్చిచ్చు కాకపోయినా ఈ పరిశీలనకు భారతదేశంలో అతి ముఖ్యమైన సందర్భం. భూగర్భ జలాల రక్షణకై పంజాబు 2009లో చేసిన చట్టం వరి నాట్లను జూన్‌కు జరిపింది. దానితో కోతలు వెనుకకు జరిగి, గోధుమ విత్తడానికి వ్యవధి తగ్గింది. రైతుకు అగ్గిపుల్ల చౌకైన దారి అయింది. వాయవ్య గాలులు ఆ పొగను ఢిల్లీ వైపు తోస్తాయి. చలికాలపు చల్లగాలి దానిని నేలకు అదిమి ఉంచుతుంది.

సెప్టెంబరు 15 నుండి నవంబరు 30 వరకు ఉపగ్రహాలు లెక్కించిన మంటలను బట్టి ప్రభుత్వాలు ఈ సమస్యను కొలుస్తున్నాయి. పంజాబులో 2023లో 36,663గా ఉన్న ఈ సంఖ్య 2024లో 10,909కి తగ్గింది. యంత్రాల రాయితీలు, జరిమానాల ప్రభావం ఇందులో కొంత ఉండవచ్చు. కాని 2024లోనే మరొక సందేహం తలెత్తింది. లెక్కకు ఆధారమైన ధ్రువ కక్ష్య ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో దాటిపోతాయి. దక్షిణ కొరియా భూస్థిర ఉపగ్రహం పది నిమిషాలకొకసారి తీసిన చిత్రాలను పరిశీలించిన ఒక నాసా శాస్త్రవేత్త, మంటలు ఇటీవలి సంవత్సరాలలో సాయంత్రం వైపుకు జరిగాయని చూపాడు. ఉపగ్రహం దాటిన తరువాత అంటించి, మరునాటి పరిశీలనకు ముందే ఆరిపోయే మంట లెక్కలోకి రాదు. పొగ మాత్రం వస్తుంది. మంటల సంఖ్య తగ్గిన మేరకు గాలిలో రేణువులు తగ్గకపోవడం ఈ సందేహానికి బలమిచ్చింది.

దీనికితోడు చిన్న కమతాలలో కొద్దిసేపు మండే మంటలు దట్టమైన పొగ కింద పట్టుబడవు. నవంబరులో పొగ, పొగమంచు కలిసిపోయినపుడు గణన పద్ధతులు పొగను మేఘంగా భావించి ఆ చోటును ఖాళీగా వదిలివేస్తాయి. అనగా పొగ అత్యధికంగా ఉన్న రోజునే పటంలో పొగ లేనట్లు కనిపించవచ్చు. ఇందుకు ప్రత్యామ్నాయంగా మంటల సంఖ్యకు బదులు, సెంటినెల్-2 వంటి ఉపగ్రహాల చిత్రాలలో నల్లబడిన పొలాల విస్తీర్ణాన్ని కొలిచే పద్ధతిని కొందరు పరిశోధకులు వాడుతున్నారు. మంట ఏ వేళకు పెట్టినా పొలం మీది మసి కొన్ని రోజులు నిలిచి ఉంటుంది. అయితే రైతు వెంటనే దున్నివేస్తే అదీ చెరిగిపోతుంది.